పెద్దకొడుకు చోటు

శవం తల దగ్గర మేనత్త తోకిలుపే కూర్చుంది. ఆమె పక్కన కుర్చీ వేసి గ్రాంట్‌ను కూర్చోబెట్టారు. గది నిండా జనం చాపల మీద సర్దుకుని ఉన్నారు. కుర్చీ మాత్రం ఒక్కటే, అది అతనికే.

పొద్దున్నే టోంగాలో విమానం దిగి కొలోంగా ఊరికి వచ్చే దారంతా అతను ఒక్క విషయానికే భయపడుతూ వచ్చాడు. తనను ఎక్కడ కూర్చోబెడతారు? గుమ్మం దగ్గరా, గుడారం కింద ఊరివాళ్లతోనా, లేక లోపల నాన్న దగ్గరా? నలభై అయిదేళ్ల మనిషికి ఇలాంటి భయం నవ్వు తెప్పించాలి. కాని తండ్రి దొరికి నాలుగేళ్లే అయింది. ఏడాదికోసారి వచ్చి వారం ఉండి పోవడంతోనే ఆ నాలుగేళ్లూ గడిచిపోయాయి. ఇప్పుడు తండ్రి కెలేపి నల్లబట్ట పరిచిన పరుపు మీద, ఎప్పుడూ లేనంత నున్నగా గడ్డం గీయించుకుని పడుకుని ఉన్నాడు. తాను కొడుకునని చెప్పుకోవడానికి ఇక ఈ ఒక్క రోజే మిగిలింది.

కుర్చీ చూడగానే అతని గుండె తేలికపడింది. లేచి వెళ్లి వంగి తండ్రి నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. చల్లగా, సబ్బు వాసనగా ఉంది. చర్చి వాళ్లు పాడుతున్న పాట ఒక్క క్షణం తడబడి మళ్లీ అందుకుంది. కొందరు అత్త వైపు చూశారు. అత్త తమ్ముడి ముఖం మీద వాలిన ఈగను విసనకర్రతో తోలుతూ ఉండిపోయింది. వాళ్ల చూపులను గ్రాంట్ జాలి అనుకున్నాడు. చావింటికి ఇక్కడివాళ్లు కట్టుకునేట్టు నడుముకు చుట్టుకున్న చాప సర్దుకున్నాడు. ఆక్లండ్ శనివారం సంతలో, పదిచోట్ల బేరమాడి కొన్నది. సన్నటి అల్లిక, కొత్త వాసన. కట్టుకోవడం కిందటేడు నాన్నే నేర్పాడు.

ఇలా లోపలికి రమ్మని ఒక చోటు చూపించడం అతని జీవితంలో అరుదు. న్యూజిలాండ్ దక్షిణాన, గొర్రెల మందల మధ్య, తెల్లవాళ్ల ఇంట్లో పెరిగాడు. పెంచినవాళ్లు నోలీన్, రాస్. ఏనాడూ ఒక్క మాట అనని మనుషులు. అయినా ఆ ఊళ్లో ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో ఆగి, లోపలివాళ్ల ముఖాలు చదివి, తర్వాత అడుగు పెట్టే అలవాటు అతనికి చిన్నప్పుడే పట్టుకుంది. బడిలో అతన్ని ఆ దేశపు మూలవాసులైన మావోరిల పిల్లవాడనుకుని ముందు వరసలో నిలబెట్టి వాళ్ల నృత్యం చేయించేవారు. తనూ అదే అనుకున్నాడు. ఇరవయ్యేళ్ల వయసులో ఒక మావోరి పెద్దాయన, “నీ కొండ ఏది, నీ ఏరు ఏది, నాయనా?” అని వంశం చెప్పమన్నట్టు ప్రేమగా అడిగాడు. ఇంటికొచ్చి నోలీన్‌ను అడిగాడు. ఆ రాత్రి నోలీన్ చెప్పింది, “నువ్వు వాళ్లవాడివి కాదురా. టోంగా వాళ్ల బిడ్డవి. అప్పుడు ఆక్లండ్‌లో మా పక్కింట్లో ఉండేవాళ్లు. వాళ్లను పంపించేశారు.”

అతను పుట్టిన ఏళ్లలో వీసా గడువు దాటిన ద్వీపవాసుల కోసం పోలీసులు తెల్లవారకముందే తలుపులు బాదేవారు. కెలేపిని, అతని భార్యను అలాగే పట్టుకుపోయారు. ఏడాది నిండని బిడ్డ పక్కింటి తెల్లామె చేతుల్లో మిగిలిపోయాడు. తల్లి ఆ బిడ్డను మళ్లీ చూడకుండానే పోయింది.

పళ్లెం వచ్చింది. పంది మాంసం, పెండలం, కొబ్బరిపాలు పోసి చామాకుల్లో చుట్టి ఉడికించిన పొట్లం. అందరికంటే ముందు అతనికే ఇచ్చారు. తమ్ముడు సతేకి, చెల్లెలు లోసే గదిలో ఎక్కడా కనిపించలేదు. వాళ్లతో కలిసి తినాలనిపించి, పళ్లెం పట్టుకుని ఇంటి వెనక్కి నడిచాడు.

వెనక పెరడంతా పొగ. మట్టి కప్పి వండేందుకు గొయ్యి తవ్వి, రాళ్లు కాలుస్తున్నారు. దాయాదుల పిల్లలు చామదుంపలు చెక్కుతున్నారు. సతేకి పంది కడుపు కడుగుతున్నాడు. అతని ఒంటికి రొమ్ము నుంచి మడమల దాకా పెద్ద మోటు చాప, అంచులు చినిగి పీచులు వేలాడుతూ, తాడుతో బిగించి ఉంది. లోసేది ఇంకా పెద్దది. తల వెనక కూడా లేచి నిలబడి, మనిషి చాపలోంచి తొంగిచూస్తున్నట్టు ఉంది. ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. పొగ వల్లో, ఏడ్చి ఏడ్చో తెలియలేదు.

సతేకి గబుక్కున లేచాడు. “అయ్యో అన్నా, పళ్లెం మీరు మోసుకొచ్చారా? వెళ్లండి, లోపల కూర్చోండి. మీ చొక్కాకి మసి అంటుకుంటుంది.”

“అంటుకుంటే ఆయనకేం, ఇంకోటి కొనుక్కుంటాడు,” అంది లోసే దుంప చెక్కడం ఆపకుండా. “నీకున్నది ఒకటే నల్లచొక్కా. అదీ పెళ్లినాటిది. బొత్తాం ఊడి అప్పుడే ఒకరి కంట్లో పడింది.”

“నోరు ముయ్యవే. నాన్న పోయిన రోజు కూడా నీకు వేళాకోళమేనా?”

“ఏడవమన్నప్పుడు ఏడుస్తాలే. ఇప్పుడు దుంపలు చెక్కమన్నారు.”

గ్రాంట్ నవ్వాడు. “మీరిద్దరూ లోపలికి రారేం? నాన్న దగ్గర కూర్చోరా?”

“మేమా?” లోసే కళ్లు పెద్దవి చేసింది. “మేం ఆయన పిల్లలం కదన్నా. పిల్లలు వెళ్లి తండ్రి తల దగ్గర కూర్చుంటే ఇంకేమన్నా ఉందా? అత్త మా వీపులు చీరేస్తుంది.”

మాట బయటికి వచ్చేశాక ఆమె చేతిలో కత్తి ఆగింది. సతేకి నేలకేసి చూశాడు. పిల్లలు కూడా చెక్కడం మానేశారు.

గ్రాంట్ తన నడుముకున్న కొత్త చాప చూసుకున్నాడు. వాళ్ల ఒంటి మీది చాపలు చూశాడు. చనిపోయినవాడికి తక్కువైనవాళ్లు చినిగిన చాప కట్టి వెనక పొగలో ఉంటారు. తక్కువ అంటే కొడుకులు, కూతుళ్లు, తమ్ముళ్ల పిల్లలు. ఎక్కువైనవాళ్లు, అంటే అక్కచెల్లెళ్లూ, వాళ్లతోపాటు అతిథులూ ముందు గదిలో ఉంటారు. నాలుగేళ్లలో ఎవరూ చావనందువల్ల ఇది అతను చూడలేదు, అంతే. చూడగానే అర్థమైంది.

“నన్ను ముందు కూర్చోబెట్టమని ఎవరు చెప్పారు?”

“అత్త,” అన్నాడు సతేకి. “తప్పుగా అనుకోకండన్నా. మీరు అంత దూరం నుంచి వచ్చారు. అందరూ మీకు ఎంత మర్యాద చేస్తున్నారో చూశారుగా.”

“నేను ఆయన నుదుటి మీద ముద్దు పెట్టాను.”

సతేకి చేతుల తడి చాపకు తుడుచుకున్నాడు. “మీరు పెట్టొచ్చు,” అన్నాడు. “నేను మా నాన్న తల ఎన్నడూ ముట్టుకోలేదు.”

గ్రాంట్‌కు ఆ నాలుగు ప్రయాణాలూ ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి. ప్రతిసారీ తండ్రి తన మంచం గ్రాంట్‌కు ఇచ్చి తాను చాప మీద పడుకున్నాడు. గ్రాంట్ తింటుంటే తండ్రి పక్కన నిలబడి విసనకర్రతో విసిరాడు. ఒకసారి వల సరిగా ఆరేయలేదని సతేకిని వీధిలోవాళ్లు వినేలా తిట్టాడు. నలభై ఏళ్ల మనిషి తలవంచుకుని నిలబడితే, పాపం తమ్ముడు అనుకున్నాడు తను. ఇప్పుడు ఆ తిట్ల మీద అతనికి అసూయ కలిగింది. తనకు దొరికినదంతా ప్రేమే, సందేహం లేదు. కాని కుర్చీలో కూర్చున్నవాడికి చేసే ప్రేమ అది.

పళ్లెం అక్కడే పెట్టేసి అత్తను వెతుక్కుంటూ వెళ్లాడు.

పెట్టెలోకి దించేముందు కాసేపు విశ్రాంతి అని ఆమె పక్క వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుంది. ఎనభై దాటాయి. ఆక్లండ్‌లో కొన్నేళ్లు తెల్లవాళ్ల ఇళ్లు తుడిచింది. పుట్టినప్పుడు అతనికి లిసియాతే అని పేరు పెట్టింది ఆమే. తమ్ముడి పిల్లలకు పేరు పెట్టేది మేనత్తే.

“లిసియాతే, తిన్నావా?”

“అత్తా, నన్ను వెనక కూర్చోనివ్వు.”

ఆమె విసనకర్ర ఆపలేదు. “నీ తల్లి ఎలా ఉంది?”

“నోలీన్? బాగుంది. మోకాళ్ల నొప్పులు.”

“నేనిచ్చిన చాప ఉందా ఆమె దగ్గర?”

“ఉంది. గోడకు తగిలించింది.”

“అబద్ధం. తెల్లవాళ్ల ఇళ్లు ఎన్ని తుడవలేదు నేను? ఏ గోడకూ చాప చూడలేదు. కారు పెట్టే చోట చుట్టి పడేసి ఉంటుంది. అవునా?”

గ్రాంట్ తల ఊపాడు. అది అక్కడే చెమ్మపట్టి చివికిపోయింది.

“పోనీలే. దాని సంగతి ఆమెకేం తెలుసు. మీ నాన్నని, అమ్మని తీసుకుపోయిన రోజు సాయంత్రం నేను ఆమె ఇంటికెళ్లాను. నా వీసా కూడా అయిపోతోంది. మా అమ్మ అల్లిన చాప భుజాన వేసుకెళ్లి ఆమె ముందు పరిచాను. ఆమె ఏడ్చింది, నాకు టీ ఇచ్చింది. మన పద్ధతిలో అది బిడ్డను పెంపకానికి ఇవ్వడం. పెంపుడు బిడ్డ ఆదివారం ఈ ఇంట్లో తింటాడు, సోమవారం ఆ ఇంట్లో. ఇద్దరు తల్లులుంటే ఎవరికి నష్టం? ఆరు నెలలయ్యాక కబురు పెడితే ఆ ఇల్లు ఖాళీ. కోర్టులో రాయించుకుని దక్షిణానికి వెళ్లిపోయారట. రాయించుకుంటే మొదటి ఇల్లు చెరిగిపోతుందని మాకెవరు చెప్పారు? ఆమెకూ ఎవరూ చెప్పలేదేమో.”

“అందుకనే అడుగుతున్నాను.”

“ఇచ్చింది నేను, నాయనా. చాప పరిచి ఇచ్చాను. ఇచ్చినదాన్ని చావింట్లో వెనక్కి లాక్కునేంత తక్కువదాన్నా నేను?” ఆమె మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. “నిన్ను పెంచినాయన పోయాడన్నావు కదా. అప్పుడు వంట ఎవరు చేశారు?”

“హోటలు వాళ్లు తెచ్చారు.”

“నువ్వేం చేశావు?”

“సూటు వేసుకుని ఆయన గురించి చదివాను. అందరికీ చేతులు కలిపి, వచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పాను.”

“అక్కడా చుట్టానివేనన్నమాట,” అంది ఆమె. అందులో ఎత్తిపొడుపు లేదు. వైద్యుడు నాడి చూసి చెప్పినట్టు చెప్పింది.

అతనికి కోపం వచ్చింది. “మరి నేనేం చెయ్యాలి? సరే అని ఒక్క మాట నువ్వు అనరాదా?”

“సతేకి నన్ను అడిగాడా, వెనక కూర్చోనా అత్తా అని? లోసే అడిగిందా? చుట్టాలు అడుగుతారు, ఎక్కడ కూర్చోవాలి అని.” చెయ్యి చాపింది. “లేవదియ్యి నన్ను. పెట్టె తెచ్చారు.”

ఆమెను గది గుమ్మం దాకా నడిపించాడు. కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరో పిల్ల దాని మీది దుమ్ము తుడిచి మరీ వెళ్లింది. లోపలికి వెళ్తే తండ్రి ముఖం మూత వేసేదాకా చూడవచ్చు. వెనక్కి వెళ్తే ఇక చూడలేడు. గుమ్మంలో ఆగాడు. ముఖాలు చదవబోయి, తాను చేస్తున్నదేమిటో తెలిసి సిగ్గుపడ్డాడు. వెనక్కి తిరిగాడు.

పెరట్లో కొత్త చాప విప్పి మడిచి గట్టు మీద పెట్టాడు. వంటపాక నేల మీద పరిచి ఉన్న పాత చాపను దులిపి ఒంటికి చుట్టుకున్నాడు. అది అతనికి చాలలేదు. ఒకవైపు మోకాలు బయటికి కనిపించింది.

“వద్దన్నా. పద్ధతి కాదు,” అన్నాడు సతేకి కంగారుగా. “అత్త చూస్తే?”

“అత్త వద్దనలేదు.”

“సరేనని అన్నదా?”

“అదీ అనలేదు.”

సతేకి తల గోక్కున్నాడు. గ్రాంట్ గొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, పిల్లలు చేస్తున్నట్టే రాళ్లు అందుకుని నిప్పుల మీద పేర్చసాగాడు. దూరంగా ఉన్న రాళ్ల కుప్ప, పిల్లలు సముద్రపు ఒడ్డు నుంచి అప్పుడే తెచ్చినది. ఇంకా తడిగా ఉంది. దానిలోంచి ఒకటి తీసి వేశాడు.

“ఒరేయ్!” సతేకి అతని మెడ దగ్గర చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ వెనక్కి పడ్డారు. నిప్పుల్లో రాయి తుపాకీలా పేలి ముక్కలు ఎగిరిపడ్డాయి. “బుద్ధుందా నీకు? తడిరాయి వేస్తావా పొయ్యిలో? కళ్లు పోయేవి! ఇంతవయసొచ్చింది, ఏం నేర్చుకున్నావు?”

సతేకి ముఖం పాలిపోయింది.

“తిట్టాడు,” అంది లోసే నెమ్మదిగా. “మా చిన్నన్న మా పెద్దన్నను తిట్టాడు. నాన్న గొంతు కూడా దిగిపోయింది వీడికి.” నవ్వబోయి, నవ్వు సగంలోనే ఏడుపైపోయి, చాప అంచుతో ముఖం కప్పుకుంది.

పెట్టె ముందరి గుమ్మంలోంచి వెళ్లింది. పాట వీధిలోకి కదిలింది. రాళ్లు కాలి తెల్లబడ్డాయి. దుంపలు, ఆకు పొట్లాలు సర్ది మట్టి కప్పాలి. జనం శ్మశానం నుంచి తిరిగివచ్చేసరికి వంట సిద్ధంగా ఉండాలి. ఎవరో ఒకరు ఉండక తప్పదు.

“నువ్వెళ్లు,” అన్నాడు సతేకి. “దూరంగా నిలబడి చూసిరా. ఇది నేను చూసుకుంటాను.”

“నువ్వే వెళ్లు. మట్టి కప్పడం నాకూ చేతనవును.”

“అంత దూరం నుంచి వచ్చింది ఇందుకా?”

“ఏమో. వెళ్లు, పాట దూరమైపోతోంది.”

సతేకి రెండడుగులు వేసి తిరిగి చూశాడు. “పైన ఆకులు మందంగా వెయ్యి. మట్టి లోపలికి పడితే ఊరంతా మన పరువు తీస్తారు,” అని చెల్లెల్ని వెంటబెట్టుకుని పరుగెత్తాడు.

పిల్లలు చెప్పినట్టు గ్రాంట్ ఆకులు పరిచి మట్టి లాగాడు. పనసచెట్ల అవతల పాట ఒకచోట ఆగిపోయింది. ఇప్పుడు దించుతున్నారనుకున్నాడు. ఏదో ఒకటి లోపల తెగుతుందని ఎదురుచూశాడు. ఏమీ తెగలేదు. మట్టిలోంచి ఆవిరి సన్నగా వస్తుంటే, అది వచ్చినచోటల్లా ఇంకో గుప్పెడు మట్టి వేస్తూ కూర్చున్నాడు. చేతులు బొబ్బలెక్కాయి. ఎవరూ అతన్ని చూడటం లేదు. తాను ఎలా కనిపిస్తున్నానన్న ఆలోచన ఎంతసేపటినుంచి రాలేదో అతను గమనించలేదు.

జనం తిని వెళ్లిపోయాక, ఎండ వాలే వేళకు అత్త పెరట్లోకి వచ్చింది. ఆమెలాంటి మనిషి పెరట్లోకి రావడం ఒక్క పనికోసమే. చేతిలో కత్తెర ఉంది. తండ్రి పోతే పిల్లల జుట్టు మేనత్త కత్తిరిస్తుంది. పాక ముందు పీటలాంటి దుంగ మీద కూర్చుని చాప ముక్క పరిపించుకుంది.

“పెద్దవాడు రావాలి,” అంది. ఎవరి వైపూ చూడలేదు.

సతేకి లేచాడు. ఈ ఇంట్లో పెద్దవాడు అని ఎప్పుడు పిలిచినా లేచినవాడు అతనే. పెళ్లిళ్లకు, చర్చి పనులకు, నాన్న తిట్లకు కూడా. సగం లేచినవాడు అలాగే ఒక్క క్షణం నిలిచిపోయాడు. తర్వాత మళ్లీ కూర్చున్నాడు. గ్రాంట్ వైపు గడ్డం ఎగరేశాడు.

తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని గ్రాంట్ తిరిగి చూశాడు.

“పదరా. నువ్వు కూర్చుంటేగాని నా వంతు రాదు. చీకటిపడుతోంది,” అన్నాడు సతేకి.

వెళ్లి అత్త ముందు నేల మీద కూర్చున్నాడు. టోంగావాణ్ని అని తెలిసిన ఏడు నుంచి పెంచుకున్న ఉంగరాల జుట్టు అది. దక్షిణాన ఎవరు చూసినా అదే చూసేవారు. అత్త దాన్ని గుప్పిట్లోకి తీసుకుంది.

“నేను నిన్ను వెనక్కి తీసుకోలేదు,” అంది అతనికి మాత్రమే వినిపించేలా. “ఈ మాట అక్కడున్న మీ అమ్మకు నా మాటగా చెప్పు.”

“చెబుతాను.”

“కదలకు.”

తల మీద చెయ్యి పెట్టి ముందుకు వంచింది. మొద్దు కత్తెర. జుట్టు తెగుతుంటే కరకరమని చప్పుడయింది. ఆ చెయ్యి బరువుకు, ఆ చప్పుడుకు, అతనికి ఉన్నట్టుండి రాస్ గుర్తొచ్చాడు. ఊళ్లో మంగలి ఈ జుట్టు తన వల్ల కాదని నవ్వినరోజున, రాస్ ఒక్క మాట మాట్లాడకుండా పిల్లవాణ్ని ఇంటికి తెచ్చి గొర్రెల పాకలో పీట వేసి కూర్చోబెట్టాడు. ఆరోజు నుంచి ప్రతిసారీ ఆయనే. ఉన్ని జిడ్డు వాసన వేసే వేళ్లతో గడ్డం పట్టుకుని, ఊపిరి బిగబట్టి, చెవి ఎక్కడ తెగుతుందోనని గజగజలాడుతూ కత్తిరించేవాడు. అయిపోయాక మెడ మీది వెంట్రుకలు నోటితో ఊదేవాడు. ఆయన పెట్టె ముందు నిలబడి తాను చదివిన దాంట్లో ఇది లేదు. మంచి రైతు, నిజాయితీపరుడు అని చదివాడు. బాగా చదివావని అందరూ మెచ్చుకున్నారు.

ఏడుపు కడుపులోంచి వచ్చింది. ఆపుకోవాలన్న ఆలోచన వచ్చేలోపే వచ్చేసింది. లోసే అది విని, “నాన్నా!” అని పెద్దగా అందుకుంది. పిల్లలు కూడా అందుకున్నారు. వాళ్లు ఏడుస్తున్నది కెలేపి కోసం. తాను ఎవరి కోసం ఏడుస్తున్నాడో గ్రాంట్ చెప్పలేదు. అడిగినా చెప్పగలిగేవాడు కాదు.

అత్త కత్తెర ఆపి, అతని భుజాలు కుదురుకునేదాకా ఆగింది. తర్వాత అతని తలను ఇంకో పక్కకు తిప్పింది.

“ఇంకా సగం ఉంది,” అంది.